ఎర్ర దీపం ఆరిపోయాక చెప్పిన మాటలు

నేను రేడియోలో పనిచేసింది మూడేళ్లే. 1990ల చివర, ఒక చిన్న కేంద్రంలో, నెలకు ఆరు డ్యూటీలు దొరికే క్యాజువల్ అనౌన్సరుగా. ఆ మూడేళ్లలో అడిగిన ప్రశ్నల్లో ఒకటి ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

ఆ రోజు స్టూడియోకి వచ్చినవారు ఒక మృదంగ విద్వాంసుడు. డెబ్బై దాటిన మనిషి. ఏదో సభవారు సన్మానం చేశారు కనుక పదిహేను నిమిషాల పరిచయ కార్యక్రమం. ముందురోజు రాత్రి కూర్చుని ప్రశ్నలన్నీ అందంగా రాసుకున్నాను. "మాస్టారూ, ఈ సన్మానం అందుకున్న వేళ మీకు ఎలా అనిపిస్తోంది?" అని మొదలుపెట్టాను. "అంతా అమ్మవారి దయ" అన్నారాయన. "ఈ విద్య వైపు రావడానికి ప్రేరణ ఎవరు?" "మా నాన్నగారు." "నేటి యువతకు మీరిచ్చే సందేశం?" "సాధన చెయ్యాలి." ఆరు నిమిషాలకే నా కాగితం అయిపోయింది. మిగిలిన తొమ్మిది నిమిషాలూ ఆయన వాయించారు.

రికార్డింగు ముగిసి ఎర్ర దీపం ఆరింది. అవతలి గదిలో టేపు స్పూలు వెనక్కి తిరుగుతోంది. ఆయన మృదంగాన్ని ఒళ్లోకి తీసుకుని, ఎడమ మూత మీద అంటించిన రవ్వ ముద్దను బొటనవేలి గోటితో మెల్లగా గీకుతూ, నేను అడగకుండానే మాట్లాడటం మొదలుపెట్టారు. "ఈ ఏసీ గదిలో రవ్వ ఇట్టే ఎండిపోతుందమ్మా. ఎండితే గుంకీ, అదే ఈ ఎడమ మూత లోతైన నాదం, పలకదు. అందుకే ఇక్కడికి వచ్చినప్పుడు నీళ్లు కాస్త ఎక్కువ పోసి కలుపుతాను. వేలికి అంటుకునే తీరును బట్టి ఆ పూట ఎడమ చెయ్యి ఎంత బరువుగా వెయ్యాలో తెలిసిపోతుంది." తర్వాత వాళ్ల నాన్నగారి సంగతి వచ్చింది. విద్య మొదలుపెట్టిన మొదటి ఏడాది ఈయన చేసిన పని రవ్వ కలపడం ఒక్కటే. మూత మీద చెయ్యి వేయనివ్వలేదు. ముద్ద పలచనైతే మాట్లాడకుండా కిటికీలోంచి విసిరేసేవారట. తొమ్మిదేళ్ల పిల్లవాడు మళ్లీ వంటింట్లోకి వెళ్లి అమ్మను గుప్పెడు రవ్వ అడగాలి. "ఆ రోజుల్లో మా ఇంట్లో ఉప్మా తిన్న గుర్తు లేదు. రవ్వంతా దీనికే పోయేది" అన్నారు.

ఇరవై నిమిషాలు మాట్లాడారు. టేపు మీద ఉన్నది మాత్రం "మా నాన్నగారు" అన్న రెండు ముక్కలు.

ఆయన చెప్పలేక కాదు, నేను అడగకపోవడం వల్ల ఆ కార్యక్రమం అలా తయారైంది. "ఎలా అనిపించింది?" అన్న ప్రశ్న వినడానికి ఎంతో ఆప్యాయంగా ఉంటుంది. మనిషి మనసు తెలుసుకోవాలనుకుంటున్నట్టే ఉంటుంది. కానీ దానికి జవాబులన్నీ ఎప్పుడో తయారై ఉన్నాయి. ఆనందంగా ఉంది, మాటల్లో చెప్పలేను, దేవుడి దయ, అభిమానుల ఆశీస్సులు. ఎవరినైనా అడగండి, ఈ నాలుగింటిలో ఒకటి వస్తుంది. గాయకుడి మాట, హాస్యనటుడి మాట, ఆటగాడి మాట ఒకేలా వినబడతాయి. వాళ్ల పనులు ఎంత వేరు! ఒకరిది గొంతు, ఒకరిది ఒళ్లంతా, ఒకరిది ఊపిరి. ఆ తేడా మొత్తాన్ని తుడిచేసే ప్రశ్నను మన రేడియోలు, టీవీలు, ఇప్పుడు యూట్యూబు ఛానెళ్లు రోజూ అడుగుతూనే ఉన్నాయి. "ఎలా చేశారు?" అని అడిగితే తలుపు తెరుచుకుంటుందని నేను తెలుసుకునేసరికి రేడియో వదిలేసి చాలా ఏళ్లయింది. ఆ సంగతి నాకు నేర్పింది షికాగోలో పనిచేసిన ఒక ముసలాయన గొంతు.

ఆయన పేరు స్టడ్స్ టెర్కెల్. 1912లో పుట్టాడు. అసలు పేరు లూయిస్. తల్లిదండ్రులు షికాగోలో నడిపిన బసలో, కింది హాలులో కూర్చుని పనివాళ్లు, నిరుద్యోగులు గంటల తరబడి చేసుకునే వాదనలు వింటూ పెరిగాడు. 1934లో న్యాయశాస్త్రం పట్టా పుచ్చుకున్నాడు కానీ ఏనాడూ కోర్టుకు వెళ్లలేదు. రేడియో నాటకాల్లో రౌడీ వేషాలకు గొంతు ఇచ్చాడు. టీవీలో సొంత కార్యక్రమం నడిపాడు. కమ్యూనిస్టులంటే అమెరికా భయంతో వణికిపోతున్న ఆ కాలంలో ఆయన రాజకీయాల కారణంగా ఆ పని పోయింది. 1952లో డబ్ల్యుఎఫ్ఎంటి అనే రేడియో కేంద్రంలో చేరాడు. అక్కడ 1997 దాకా, 45 ఏళ్లు, వారానికి అయిదు రోజులు, రోజుకో గంట.

రోజుకో గంట అన్నది గమనించండి. నాకు దక్కింది పదిహేను నిమిషాలు. ఇప్పుడు సినిమా విడుదల వారంలో ఒక నటుడు ఒకే హోటలు గదిలో కూర్చుని వరసగా ఇరవై మందికి ఇచ్చేది తలా పది నిమిషాలు. కాలం తక్కువైతే ప్రశ్న పలచబడుతుంది. అది ఒప్పుకుంటాను. అయినా మొత్తం నేరం గడియారం మీద వేయలేం. నాకు ఆ రోజు గంట ఇచ్చినా నేను అడిగేవి అవే ప్రశ్నలు, కాకపోతే మృదంగం ఇంకో ముప్పావు గంట మోగేది.

టెర్కెల్ సంభాషణల్లో నేను మొదట విన్నది బాబ్ డిలాన్‌తో 1963 వసంతంలో చేసింది. డిలాన్‌కు అప్పుడు 21 ఏళ్లు. రెండో ఆల్బం ఇంకా మార్కెట్లోకి రాలేదు. తర్వాతి కాలంలో నోబెల్ పొందిన కవిగా ఆయనను చూసే మనకు ఆ గొంతులోని పిల్లతనం విచిత్రంగా వినబడుతుంది. పాడుతున్నాడు, మధ్యలో మాట్లాడుతున్నాడు, మళ్లీ పాడుతున్నాడు. గట్టి వాన ఒకటి కురవబోతోందన్న పాట దగ్గర టెర్కెల్ ఆగాడు. అవి అణుపరీక్షల రోజులు. ఆకాశం నుంచి విషధూళి రాలుతుందని తల్లులు పిల్లల పాల గురించి బెంగపడుతున్న కాలం. ఆ వాన అణువాన అన్న ఉద్దేశంతో టెర్కెల్ మాట కదిపాడు. కాదన్నాడు డిలాన్. అది అణువాన కాదు, గట్టి వాన, అంతే. ఆ పాటలో ప్రతి పంక్తీ విడిగా ఒక పాట కాగలదని, ఇంకెన్ని పాటలు రాయగలనో తెలియని స్థితిలో అన్నిటినీ ఒక్కచోట పోశానని చెప్పాడు. చివరి చరణంలో నీళ్లను ముంచెత్తే విషపు గుళికల సంగతి వచ్చినప్పుడు, అవి రేడియోల్లో, పత్రికల్లో జనానికి చెప్పే అబద్ధాలన్నాడు.

రేడియో స్టూడియోలో కూర్చుని, రేడియో మనిషి మొహం మీద అన్నాడు ఆ మాట. టెర్కెల్ దాన్ని అలాగే ఉంచాడు. తను పొరబడిన చోటునూ అలాగే ఉంచాడు. అరవై ఏళ్ల తర్వాత కూడా ఆ పొరపాటు అందరికీ వినబడుతూనే ఉంది. నేనైతే కత్తిరించేదాన్ని, సందేహం లేదు. కానీ ఇందులో నాకు అంతకంటే విలువైనదిగా తోచింది మరొకటి. టెర్కెల్ ప్రశ్న తప్పు. అయినా అది పాట గురించిన ప్రశ్న, పాట లోపలికి చెయ్యి పెట్టిన ప్రశ్న. కాబట్టి దాన్ని దిద్దడం కోసమైనా కుర్రవాడు పాట లోపలికి రావలసి వచ్చింది. పని గురించి తప్పుగా అడిగినా మంచి జవాబు వచ్చింది. అనుభూతి గురించి నేను ఒప్పుగానే అడిగాను, "అమ్మవారి దయ" వచ్చింది.

హాస్యనటుల విషయంలో ఇది మరీ స్పష్టం. మనకు వాళ్లంటే ఒక పాత ఊహ ఉంది: నవ్వించేవాడి గుండెలో ఏదో తెలియని దుఃఖం ఉంటుంది, దాన్ని బయటికి లాగితే ఇంటర్వ్యూ పండినట్టే. అందుకే ఎంత గొప్ప హాస్యనటుడు దొరికినా అడిగేది కష్టాల గురించే. కన్నీళ్లు వస్తే ఆ ముక్కే ప్రచార వీడియో అవుతుంది. ఆయన నవ్వు ఎలా పుట్టించాడో అడిగే నాథుడు ఉండడు. రేలంగి ఒక మాటకు ముందు ఎంత సేపు ఆగేవారు? ఆ ఆగడం తనంతట తాను నేర్చుకున్నారా, నాటకాల్లో జనం నేర్పారా? రాజబాబు ఒళ్లు విరుచుకుని పడే తీరుకు లెక్క ఉందా? తెలిసినవాళ్లు అడిగి ఉంటే నాకు వినాలని ఉంది.

టెర్కెల్ 1960లో బస్టర్ కీటన్‌తో మాట్లాడాడు. నవ్వని మొహంతో లోకాన్ని నవ్వించిన మూకీ చిత్రాల కీటన్. ఆ మొహం వెనక ఏ విషాదమూ లేదు, వృత్తి ఉంది. పసితనం నుంచీ తల్లిదండ్రులతో పాటు రంగస్థలం మీద ఉండేవాడు. తండ్రి అతణ్ని ఎత్తి విసిరేయడమే ఆ ప్రదర్శనలోని హాస్యం. పడి లేచి తను నవ్వితే జనం నవ్వడం లేదని, గంభీరంగా ఉంటే విరగబడి నవ్వుతున్నారని ఆ వయసులోనే కనిపెట్టాడు. ఈ సంగతి అడిగిన వాళ్లందరికీ కీటన్ చెబుతూ వచ్చాడు. 1928 నాటి సినిమాలో ఇంటి ముందు గోడ మొత్తం ఒరిగి అతని మీద పడుతుంది. పై కిటికీ ఖాళీ సరిగ్గా అతని చుట్టూ దిగుతుంది. గోడ బరువైనది, నిజమైనది. ఆ దృశ్యం గురించి ఆయనను అడిగినవారికి దొరికింది ఒక మేస్త్రీ లెక్క. గోడ కీళ్లు ఎలా బిగించారు, భుజాలకు అటూ ఇటూ ఎన్ని అంగుళాలు వదిలారు, మడమలు ఆనించే చోట నేలలో మేకులు ఎలా దింపారు. "మీకు భయం వేయలేదా?" అని అడిగితే ఆ మేకులు దొరకవు. మేకుల గురించి వింటే భయం మనకు తెలిసిపోతుంది, ఆయన చెప్పనక్కరలేదు.

ఇక్కడ ఒక మిత్రురాలి వాదన చెప్పాలి. టీవీలో చాలా కాలంగా ఉన్న మనిషి, అనుభవం గలది. "రవ్వలో నీళ్లెన్ని, నేలలో మేకులెన్ని అన్నది ఆ వృత్తిలో వాళ్లకు కావాలి. ఇంట్లో కూర వండుకుంటూ రేడియో పెట్టుకున్న మనిషికి మనసు కావాలి" అంటుంది. తేలిగ్గా తోసేయదగిన మాట కాదు. దీనికి జవాబు నాకు ఒక ఐస్ హాకీ ఆటగాడి దగ్గర దొరికింది.

ఎరిక్ నెస్టెరెంకో. షికాగో జట్టుకు ఆడాడు, 1961లో ఆ జట్టు ఐస్ హాకీలో పెద్ద పోటీ అయిన స్టాన్లీ కప్ గెలిచినప్పుడు అందులో ఉన్నాడు. టెర్కెల్ 1974లో తెచ్చిన పుస్తకం నిండా మామూలు మనుషులు తాము చేసే పని గురించి చెప్పుకున్న మాటలే ఉంటాయి. చెత్త ఎత్తేవాడు, హోటల్లో వడ్డించే ఆమె, టెలిఫోను ఆపరేటరు, రాతి మేస్త్రీ, జాజ్ వాయిద్యకారుడు, వాళ్లందరి మధ్య ఈ ఆటగాడు. అమ్ముడుపోయే సరుకుగా బతకడం గురించి, దెబ్బల గురించి, వయసు మీద పడటం గురించి చెప్పుకుంటూ వస్తాడు. అలా పని గురించి చెబుతూ చెబుతూ ఒక సాయంత్రం దగ్గరికి వస్తాడు. చలికాలం, చీకటి పడే వేళ, కారులో ఇంటికి వెళుతుంటే దారిలో గడ్డకట్టిన మంచు పరుచుకున్న ఖాళీ జాగా కనిపించింది. కారు ఆపాడు. పైన వేసుకున్న ఖరీదైన కోటు విప్పేసి, స్కేట్లు కట్టుకుని దిగాడు. ఎవరూ లేరు. స్కోరు లేదు, టిక్కెట్టు కొన్న జనం లేరు. పక్షిలా ఎగిరానన్నాడు. మలుపు తిరిగేటప్పుడు ఒళ్లు ఎంత ఒరిగితే ఆ వేగమే మనిషిని పడిపోకుండా మోస్తుందో, ఆ కొన్ని క్షణాలు ఎలా ఉంటాయో చెప్పాడు.

ఆ పుట చదివి నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చుండిపోయాను. నేను మంచు మీద ఎన్నడూ అడుగు పెట్టలేదు. ఆ ఆట నియమాలు తెలియవు. అయినా నా ఒళ్లు ఒరిగింది. మా మిత్రురాలు అడిగిన మనసు అదే కదా! "ఆట మీకు ఇచ్చిన ఆనందం ఎలాంటిది?" అని సూటిగా అడిగితే అది దొరికేది కాదని నా నమ్మకం. ఒరగడం గురించి, బరువు గురించి, వేగం గురించి మాట్లాడుతూ ఉండగా దానంతట అది వచ్చింది.

టెర్కెల్ తరచూ చెప్పే మరో సంఘటన కూడా ఇటే చూపిస్తుంది. పేదల కోసం కట్టిన ఇళ్ల సముదాయంలో ఒక తల్లి మాటలు రికార్డు చేశాడు. అమ్మ గొంతు వినాలని పిల్లలు గోల పెడితే టేపు వెనక్కి తిప్పి వినిపించాడు. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తనలో ఇలాంటి ఆలోచన ఉందని తనకే తెలియదంది. మనిషి తన మనసును సంచిలో వేసుకుని తిరగదు, అడగగానే తీసి ఇవ్వడానికి. మాట్లాడుతూ ఉంటేనే తనకూ తెలుస్తుంది. కాబట్టి "ఎలా అనిపించింది?" అని మొదటే అడగడమంటే ఎదుటి మనిషి దగ్గర ఇంకా లేనిదాన్ని అడగడం. లేనప్పుడు ఎవరైనా ఏం చేస్తారు, మర్యాద కోసం అరువు మాట ఒకటి ఇస్తారు.

మన ఇంటి ఉదాహరణ చెప్పకుండా ఉండలేను. 2000 సెప్టెంబర్ 19, సిడ్నీ. శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి బరువులెత్తే పోటీలో, 69 కిలోల విభాగంలో, స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ. ఆ పతకం గురించి ఆమెను అడగగా నేను విన్న ప్రశ్నలన్నీ ఒకటే: ఆ క్షణంలో మీకెలా అనిపించింది? ఆమె కూడా పాపం ఓపిగ్గా చెబుతూనే ఉంది. కానీ ఆ రోజు మరో అంకె ఉంది. 137.5. అది ఆమె ఆఖరి ప్రయత్నం. 130 తర్వాత ఒక్కసారిగా ఏడున్నర కిలోలు పెంచారు. లేపి నిలబెట్టి ఉంటే స్వర్ణం. నిలవలేదు.

నాకు ఆ అంకె చుట్టూ ఒక గంట కావాలి. ఆ కాసేపట్లో తెర వెనక ఎవరు ఏం లెక్క వేశారు? అంత పెంచుదామన్నది ఎవరు? 130 ఎత్తిన చేతులకు 137.5 తగలగానే తేడా ఎక్కడ తెలుస్తుంది, వేళ్లలోనా, నడుములోనా, మోకాళ్లలోనా? బార్ నేల వదిలిన వెంటనే ఇది నిలవదని తెలుస్తుందా, పైకి వచ్చాకా? ఆ ప్రశ్నలకు ఆమె జవాబు చెబుతుంటే రెండు రాష్ట్రాల్లో బరువు ఎత్తడం నేర్చుకుంటున్న ప్రతి పిల్లా చెవి ఒగ్గి వింటుంది. బరువుతో సంబంధం లేని నేనూ వింటాను.

మన దగ్గర ఇది అసలే లేదంటే అన్యాయం. మద్రాసు వివిధభారతి నుంచి వచ్చిన జనరంజని విన్నవాళ్లకు తెలుసు. సినిమా కళాకారులే వచ్చి, తమకు నచ్చిన పాటలు ఎంచుకుని, మధ్య మధ్య మాటలు చెప్పేవారు. అందులో అడిగేవాళ్లు ఉండరు, పాటే ప్రశ్న. పాట విన్నాక మనిషి దాని గురించే మాట్లాడాలి కనుక మాట పని దగ్గరే తిరుగుతుంది. టెర్కెల్ కూడా రికార్డు వినిపించి, ఆ పాట ఇంకా గాలిలో ఉండగానే సంభాషణ సాగించేవాడు. మహాలియా జాక్సన్ పాడిన గాస్పెల్ అనే క్రైస్తవ భక్తి పాటలను షికాగోలో పదే పదే వినిపించినవాడు ఆయన. 1954లో ఆమె రేడియో కార్యక్రమానికి ఆయన పనిచేస్తున్నప్పుడు పైవాళ్లు దేశానికి విధేయుణ్ననే ప్రమాణపత్రం మీద సంతకం అడిగారట. ఆయనను తీసేస్తే మరో మహాలియాను వెతుక్కోమని ఆమె తెగేసి చెప్పిందని టెర్కెల్ రాసుకున్నాడు. పని తెలిసి అడిగినవాడిని కళాకారులు అంత తేలిగ్గా వదులుకోరు.

ఆయన 2008లో, 96 ఏళ్ల వయసులో పోయాడు. చివరి ఏళ్లలో చెవులు దాదాపు పనిచేయలేదు. అయిదు వేలకు పైగా కార్యక్రమాల టేపులు షికాగో చరిత్ర మ్యూజియానికి చేరాయి. 2018 నుంచి వాటిలో చాలావాటిని ఎవరైనా ఇంట్లో కూర్చుని ఉచితంగా వినవచ్చు. నేను అలాగే విన్నాను, రాత్రుళ్లు, ఇంట్లో అందరూ పడుకున్నాక. మా కేంద్రంలో టేపులు ఖరీదు. ఒక కార్యక్రమం ప్రసారమయ్యాక దాని మీదే మరొకటి రికార్డు చేసేవాళ్లం. మాస్టారి పదిహేను నిమిషాలూ అలాగే పోయాయి. "మా నాన్నగారు" అన్న ఆ రెండు ముక్కలు కూడా ఇప్పుడు లేవు.

మాస్టారు పోయి పన్నెండేళ్లయింది. ఆయన చిన్నబ్బాయి అదే ఊళ్లో, అదే ఇంట్లో ఉంటున్నారు, పిల్లలకు పాఠం చెబుతున్నారు. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు ఫోను ఒకటి, చిన్న మైకు ఒకటి పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. ఆయన నన్ను గుర్తుపట్టలేదు, పట్టనక్కరలేదు. చాప వేశారు, కాఫీ ఇచ్చారు. మైకు ఎదురుగా పెట్టి, ఆన్ చేసి అడిగాను.

"అన్నయ్యగారూ, రవ్వలో నీళ్లు ఎన్ని పొయ్యాలి?"

ఆయన నా మొహం వంక చూశారు. లేచి లోపలికి వెళ్లారు. ఆ రికార్డింగులో మొదటి నాలుగు నిమిషాలు మాటలు లేవు. డబ్బా మూత తెరిచిన చప్పుడు, ఇత్తడి గిన్నెలో రవ్వ పడుతున్న చప్పుడు, చెంబులోంచి కొంచెం కొంచెంగా నీళ్లు, తర్వాత వేళ్లతో పిసుకుతున్న తడి చప్పుడు. అప్పుడు ఆయన, "చెయ్యి పెట్టి చూడండమ్మా" అన్నారు.